మూడు బంతులు, ఒక దిండు

మా నల్లగొండలో ఎవరికైనా పక్కటెముక విరిగిందంటే అందరూ అడిగేది ఒక్కటే: "తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడా?" అలా పడ్డా కొంత పరువు దక్కేది. నేను బతుకమ్మ పండుగకు బూజు దులుపుతూ ప్లాస్టిక్ స్టూలు మీది నుంచి పడ్డాను. రెండు ఎముకలు చిట్లాయి.

ఎక్స్‌రే చూసిన డాక్టరు కట్టు కట్టలేదు. చెయ్యి విరిగినవాడికి పదిమందికి చూపించుకోవడానికి పిండికట్టయినా ఉంటుంది. "ఊపిరి తీసినప్పుడల్లా ఎముక కదలాల్సిందే, దానికి కట్టేమిటి? ఆరు వారాల్లో అదే అతుక్కుంటుంది" అన్నారు.

మా పెద్దమ్మకు ఇది నచ్చలేదు. పాత చీరొకటి పట్టుకొచ్చి, "గట్టిగ చుడితె ఎముక యాడికి పోతది?" అంటూ నా చుట్టూ తిరగసాగింది. ఛాతీ బిగిస్తే ఊపిరి సగమే ఆడుతుందని, కఫం నిలిచి న్యుమోనియా వస్తుందని చెప్పి మా ఆవిడ చీర లాక్కుంది. (అది తన పెళ్లినాటి చీరట.)

మొదటిరోజు నేను మగతనం కొద్దీ మాత్రలు మానేశాను. సాయంత్రానికి ఎండలో కుక్కలా చిన్నచిన్న ఊపిర్లు తీస్తున్నాను. ఫోన్‌లో డాక్టరు తిట్టారు. "మాత్ర నీ సుఖానికి కాదయ్యా, నిండా ఊపిరి పీల్చి దగ్గడానికి! నొప్పి ముదిరేదాకా ఆగకు, టైముకు వేసుకో." అప్పటినుంచి ఆరు గంటలకోసారి పారాసెటమాల్‌కు ఇంటిల్లిపాదినీ లేపే అలారం.

ఊపిరితిత్తుల కసరత్తుకని మూడు బంతుల డబ్బా కూడా ఒకటి రాసిచ్చారు. రెండు రోజులు ఊదాను, ఒక్క బంతీ కదల్లేదు. షాపువాడు పాడైన సరుకు అంటగట్టాడని కొట్లాటకు బయల్దేరుతుంటే, ఐదో తరగతి చదివే మావాడు "డాడీ, ఊదుడు కాదు, పీల్చాలె" అన్నాడు. పీల్చాను. ఒక బంతి లేచింది.

దగ్గొస్తే దిండును నొప్పివైపు అదుముకోవాలి. దగ్గు చెప్పి వస్తుంది కాబట్టి సరే. తుమ్ము అలా కాదు. పక్కింట్లో ఎండుమిర్చి పోపు పడితే చాలు, నాకు దేవుడు కనిపిస్తాడు.

వీటన్నిటికన్నా ప్రమాదం మా బామ్మర్ది. మిర్యాలగూడ నుంచి బత్తాయిల సంచితో వచ్చాడు. గుమ్మంలోనే మా ఆవిడ ఆపి, "బావను నవ్వించినవో, చంపుత" అంది. పాపం, బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు. పది నిమిషాలు నోరు మెదపలేదు. తర్వాత పైకి చూసి, మెల్లగా అడిగాడు.

"బావా, నువ్వు దులపవోయిన బూజు గదేనా? ఇంకా పెరిగినట్టుంది!"

దిండు అందలేదు.