మల్లెను పీకే ముందు ఒక్క మాట

మన నెల్లూరు జిల్లాలో మనుషుల్ని వేరుచేసి చూసే విద్యకు కొదవ లేదు. బస్సులో పక్కన ఒక పెద్దాయన కూర్చుంటే చాలు, కలిగిరి వచ్చేలోపు మన ఇంటిపేరు, ఊరు, మేనత్తను ఎవరికిచ్చారు అన్నీ లాగి, "అయితే మీరు కాలవ అవతలి వాళ్లు" అని తేల్చేస్తాడు. చేపల పులుసు నాలిక్కి తగిలితే చాలు, నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేస్తాం. ఇంత సూక్ష్మదృష్టి ఉన్నవాళ్లం జొన్న చేలో మూడు వేర్వేరు మొక్కల్ని చూసి "అన్నీ మల్లెలే, పీకి పారెయ్" అంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇది జడలో పెట్టుకునే మల్లె కాదు. జానెడు ఎత్తున, సన్నటి గరుకు ఆకులతో, గోరంత తెల్లపూలతో జొన్న మొదళ్ల దగ్గర మొలిచే జొన్న మల్లె. పాక్షిక పరాన్నజీవి. అంటే ఆకులు పచ్చగా ఉంటాయి, తన వంట తాను కొంత వండుకుంటుంది. నీళ్లూ ఉప్పులూ మాత్రం భూమిలో జొన్న వేరుకు తన వేరు తగిలించి లాక్కుంటుంది. పొగాకు మల్లెకు ఆ కాస్త మొహమాటం కూడా లేదు. దానికి పచ్చదనమే ఉండదు, అంతా పొగాకు మొక్క నెత్తినే. (సన్మానాల్లో పూసే శ్రీగంధం చెట్టు కూడా పక్క చెట్ల వేళ్ల మీద పడి బతికేదే. దాని మాట ఎవరూ ఎత్తరు. వాసన బాగుంటే అంతే.)

1790లో లౌరీరో అనే పోర్చుగీసు పాద్రి ఈ జొన్న మల్లెల ప్రజాతికి స్ట్రైగా అని పేరు పెట్టాడు. మా మామయ్య పెట్టిన పేర్లు ఇక్కడ రాసేవి కావు. మన చేలల్లో తెల్లగా పూసే ఏషియాటికా, డెన్సిఫ్లోరా, అంగుస్టిఫోలియా అనే మూడు జాతులూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. రంగును నమ్ముకుంటే మోసపోతాం. ఇదే ఏషియాటికా 1956లో అమెరికాలోని కరోలినా మొక్కజొన్న చేలల్లో బయటపడినప్పుడు ఎర్రగా పూసి ఉంది. పూవు అడుగున వడ్లగింజంత పచ్చటి గొట్టం ఉంటుంది, దాని మీద నిలువు ఈనెలు లెక్కపెట్టాలి. అయిదుంటే డెన్సిఫ్లోరా, పదుంటే ఏషియాటికా, పదిహేనుంటే అంగుస్టిఫోలియా. అయిదో ఎక్కంలో మొదటి మూడు మెట్లు. ఈ మాత్రం రైతుకు రాకపోతే ఎట్టా?

ఈ సంగతి చెప్పడానికే ఉదయగిరి వైపు మెట్టలో ఉన్న మామయ్య చేనుకు భూతద్దం పట్టుకుని వెళ్లాను. మల్లె అప్పుడే మొలిచింది, ఇంకా పూత లేదు. మామయ్య అప్పటికే వంగి పీకుతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"పూత రాందే అది ఏ జాతో తెలీదు మామయ్యా."

"జాతి తెలిసి ఏం జేస్తావురా అబ్బయ్యా, సంబంధం మాట్లాడతావా?"

అజ్ఞానంతో వాదించకూడదు. పన్నెండు రోజులు పూత కోసం కాచుకున్నాను. ఆ పన్నెండు రోజులూ మకాం అత్తయ్య దగ్గరే. కాఫీపొడి మాత్రం నాదే.

మల్లె నేల మీదికి తల ఎత్తేసరికే సగం నష్టం చేసేసి ఉంటుందట, నెలరోజుల పైనుంచీ భూమిలోపల దాని పని జరుగుతూనే ఉంటుందట. పక్క చేను రైతు ఈ మాట రోజుకొకసారి వచ్చి చెప్పి వెళ్లేవాడు. జొన్న ఆకులు తడి ఉన్న నేలలోనే వాడుముఖం పట్టడం నేనూ గమనించాను. నోట్సులో రాసుకున్నాను కూడా.

పూసింది. మొదటి పూవును రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పుతూ లెక్కపెట్టాను. గొట్టం గుండ్రం గదా, ఎక్కడ మొదలుపెట్టానో మరిచిపోయాను. పెన్నుతో చుక్క పెట్టి మళ్లీ లెక్కపెడితే పద్నాలుగు వచ్చింది. పద్నాలుగు నా ఎక్కంలో లేదు. మళ్లీ తిప్పితే పదకొండు. అప్పటికి పొద్దు గుంకింది. శాస్త్రంలో తొందర పనికిరాదు గనక పీకుడు ఇంకో రెండు వారాలు వాయిదా వేయించాను.

చివరికి పది అని తేలింది. ఏషియాటికా! అరిచినంత పని చేశాను. మామయ్య వచ్చి నా చేతిలో కొమ్మను చూశాడు. కింది కాయలు అప్పటికే ఎండి పగిలి ఉన్నాయి. ఆయన కొమ్మను నా భూతద్దం మీద ఒకసారి తట్టాడు. ముక్కుపొడి లాంటి గోధుమరంగు దుమ్ము అద్దమంతా పరుచుకుంది. ఒక్కో రేణువూ ఒక విత్తనం. ఒక్క మొక్క వేలకు వేలు రాలుస్తుంది, పదేళ్లయినా మట్టిలో చావవు.

"ఇది ఎన్నో ఎక్కంరా?" అన్నాడు మామయ్య.

వచ్చే ఏడు ఆ చేలో పత్తి పెడతాడట. పత్తి వేళ్ల నుంచి ఊరే రసానికి మల్లె విత్తనం జొన్న వేరే దొరికిందనుకుని మొలకెత్తుతుంది. తీరా పత్తిలోకి దిగలేక రోజుల్లోనే చస్తుంది. 1966లో శాస్త్రవేత్తలు ఆ రసంలోని మందును పత్తి వేళ్ల నుంచే వేరుచేసి స్ట్రైగాల్ అని పేరుపెట్టారు. కాదనను. కానీ మొలకలోనే చస్తే పూత ఎప్పుడొస్తుంది, ఈనెలు ఎవరు లెక్కపెడతారు? ఆ గట్టు పక్క ఇంకొక మొక్క మీద నాకు పదిహేను అని గట్టి అనుమానం ఉంది. కనీసం రెండు సాళ్లయినా జొన్న వదలమని అడిగాను. అత్తయ్య లోపల్నుంచి వచ్చి నా సంచీ గుమ్మం దగ్గర పెట్టింది, కాఫీపొడి సీసా పైన కనబడేలా.