సూర్యలంక పొలం మెసేజ్ ఇంకెవరూ నాకు పంపొద్దు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. మొదట వాకింగ్ గ్రూపులో, తర్వాత మా బావగారి నుంచి, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న రాత్రి మళ్లీ బావగారే, ముందే పంపిన సంగతి మర్చిపోయి. "గుంటూరు నుంచి గంట, సూర్యలంక బీచ్‌కి పది నిమిషాలు. పొలం బిట్లు. ఎక్కడ బోరేసినా నీళ్లు. బీచ్ పక్కనే కాటేజీ కట్టుకోండి. రేటు పడే ప్రసక్తే లేదు. అమ్మినా పన్ను లేదు. రిజిస్ట్రేషన్ అయిందంటే ఇక భయమే లేదు." కింద దండం బొమ్మలు ఆరు.

గంటలో వెళ్లేది తెల్లవారుజామున నాలుగింటికి. వదిలేయండి.

రేటు పడదట! ఈ మాట గుంటూరు వాళ్లకి చెప్పాలంటే గుండె ధైర్యం కావాలి. 2019 చివర్లో మూడు రాజధానులు అన్నాక తుళ్లూరు చుట్టుపక్కల ప్లాట్లు ఏమయ్యాయో మనలో చాలామందికి జేబు సాక్షిగా తెలుసు.

బోరు సంగతి. ఆ ఇసుక నేలల్లో వాన నీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది, అందుకే అక్కడి రైతులు తరతరాలుగా లోతు తవ్వకుండా దొరువులు తీసుకుని పైనీళ్లు తోడుకుంటారు. ఆశపడి లోతుగా దింపితే పైకొచ్చేది ఉప్పునీరే. పక్కన రొయ్యల చెరువు ఉంటే ఆ పైనీళ్లకి కూడా గ్యారంటీ లేదు. మెసేజ్ రాసినాయన దొరువు అనే మాట విన్నట్టు లేదు.

కాటేజీ అంటారా, తీరంలో పోటు గీత (సముద్రం పోటు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జడ్, అంటే తీరంలో కట్టడాలను అదుపు చేసే నిబంధనలు ఉంటాయి, అందులో సముద్రానికి దగ్గరి పట్టీలో మీరు కొత్తగా గోడ కూడా లేపలేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, ఆ ముక్క మెసేజ్‌లో ఎందుకు లేదో మరి.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండేది ఆ చివరి మాటకి. రిజిస్ట్రేషన్ అయితే భయం లేదా? అక్కడ నమోదు చేసేది ఫలానా ఆయన ఫలానా ఆయనకి అమ్మాడని, అంతే. అమ్మినాయనకి అసలు హక్కుందా లేదా అన్నది తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అదే 22-ఏ జాబితాలో ఉంటే ఆపుతారు, నిజమే, కానీ ఆ జాబితాలోకి ఎక్కని తగాదాలు కోకొల్లలు. భూమిలేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమే తీసుకోండి, 1977 చట్టం ప్రకారం అది అమ్మడానికి లేదు, కొన్నాయన డబ్బూ పోతుంది భూమీ పోతుంది. 2023లో 20 ఏళ్లు దాటినవాటికి సడలింపు ఇచ్చారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. మధ్యలో కొన్నవాళ్ల టెన్షన్ ఎవరు తీరుస్తారు, దండం బొమ్మలా?

ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీశాం, క్లియర్‌గా ఉంది అంటారు. వీలునామా రిజిస్టరు చేయించాలని రూలేమీ లేదు, చేయించకపోతే ఈసీలో కనపడదు. ఆడపిల్లల వాటా అసలే కనపడదు. మన రాష్ట్రంలో పిత్రార్జితంలో కూతుళ్లకి సమాన హక్కు 1985 నుంచే ఉంది, దేశమంతటికీ వచ్చింది 2005లో. మా పెదనాన్నగారి అబ్బాయి ఇద్దరు అన్నదమ్ముల దగ్గర ఎకరం కొన్నాడు, డాక్యుమెంటు చేతికొచ్చింది, స్వీట్లు పంచాడు. రెండేళ్లకి వాళ్ల చెల్లెలు వేసిన దావా తాలూకు సమన్లు వచ్చాయి. ఆవిడ సంతకం ఎవరూ అడగలేదు. తప్పు ఆవిడది కాదు కూడా. వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి, ఆ ఎకరంలో తుమ్మచెట్లు ఏపుగా పెరిగాయి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పన్ను లేదన్నది పచ్చి అబద్ధమనుకుని మా ఆడిటర్‌గారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వారు. మున్సిపాలిటీ హద్దుకి తగినంత దూరంలో ఉన్న అసలైన వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను నిజంగానే లేదట. బాపట్లలాగా జనాభా లక్ష దాటని ఊరికైతే 2 కిలోమీటర్లు దాటితే చాలు. కాబట్టి ఆ ముక్క వాళ్లదే రైటు, నాదే తప్పు. కాకపోతే పన్ను దగ్గర పొలం, అమ్మేటప్పుడు కాటేజీ స్థలం, రెండూ ఒకే నోటితో ఎలా అంటారో నాకు అర్థం కాలేదు.

బావగారూ, ఆ మెసేజ్‌లో బీచ్ ఫోటో ఉంది, కొబ్బరిచెట్టు ఉంది, ఆదివారం ఉచిత భోజనంతో సైటు చూపిస్తామని ఉంది. సర్వే నంబరు లేదు. అదొక్కటి కనుక్కుని పంపండి, ప్రభుత్వ భూమి రికార్డుల సైటు మీభూమిలో అడంగల్, 1-బీ రికార్డులు నేనే తీసి చూసిపెడతా.