పది పైసల నిలువు దోపిడీ

నిలువు దోపిడీ మొక్కు తీర్చుకోవాలంటే కొండెక్కాలి. రేణిగుంట కంపెనీలకు అట్టపెట్టెలు చేసేవాళ్లకు ఆ శ్రమ లేదు, లాగిన్ అయితే చాలు. దామలచెరువు మండీలో మామిడి పాట పైకి పోతుంది, పెట్టెలు కొనే కంపెనీ ఆన్‌లైన్‌లో పెట్టే రివర్స్ ఆక్షన్ పాట కిందికి దిగుతుంది. అందరికన్నా కిందికి దిగినవాడు ఎల్-వన్.

ఈ దీక్షకు నియమాలున్నాయి. ముందురోజు రాత్రి కనీస ధర కట్టుకోవాలి. చదరపు మీటరు అట్ట పట్టే ఐదు ప్లై, అంటే ఐదు పొరల, పెట్టె అనుకుందాం. చదును పొరలు, అంటే లైనర్లు, మూడు; వాటి నడుమ అలల పొరలు, అంటే ఫ్లూటింగులు, రెండు; అన్నీ చదరపు మీటరుకు 150 గ్రాములవి, అంటే 150 జీఎస్‌ఎమ్. ఫ్లూటింగు అలలు తిరుగుతుంది కనుక దానికి 1.4 రెట్లు కాగితం. మొత్తం 870 గ్రాములు. కాగితం కిలో 40 అయితే 34.80. గంజి, కరెంటు, కూలి, పిన్నులు 4 రూపాయలు, బండి బాడుగ రూపాయిన్నర. వెరసి 40.30, జీఎస్టీ వేరు. ఈ లెక్క రాసిన కాగితాన్ని భద్రంగా జేబులో పెట్టుకోండి. మళ్లీ తీసే పనుండదు.

పాట 11 గంటలకు, 42 రూపాయల దగ్గర మొదలు. దిగే మెట్టు 10 పైసలు. 11.30కి ముగింపు అంటారు గానీ, చివరి ఐదు నిమిషాల్లో ఎవరు మెట్టు దిగినా గడియారం ఇంకో ఐదు నిమిషాలు సాగుతుంది. తెర మీద పోటీదారు పేరుండదు, మీ ర్యాంకు మాత్రమే: 2. ఆ అంకె చూసి నిబ్బరంగా కూర్చున్న యజమాని ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. నడుమ పర్చేజు ఆఫీసు నుంచి ఫోను: "ఏంది సార్, ఇంకో పది పైసలు దిగలేరా?" మధ్యాహ్నం 12.50కి, 37.90 దగ్గర, మీరు గెలుస్తారు.

40.30 ఖర్చు 37.90లో ఎట్లా ఇముడుతుంది? ఫ్లూటింగును 120 జీఎస్‌ఎమ్‌కు దించితే 84 గ్రాములు, అంటే 3.36 మిగులు. లోపలి కాగితం ఎవడు చూడొచ్చాడు? లాభం 96 పైసలు! తూకం వేస్తారని భయమైతే వానరోజు సరుకు పంపండి, తేమ కూడా కొంత తూగుతుంది. కార్తీకం ముసురుకు గోదాములో అడుగు వరస పెట్టె అదే తేమతో నడుము వంచి, పైవాటితో సహా కూలబడితే ఆ నష్టాన్ని మీ బిల్లులో కోసే డెబిట్ నోటు విడిగా వస్తుంది.

బిల్లు 90 రోజులకు. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా పెట్టెకు 1.14. ఆ 96 పైసలు గోవిందా, పైన 18 పైసలు ఎదురు కట్నం. చట్టం లేకపోలేదు. ఒప్పందం ఎట్లా రాసుకున్నా చిన్న పరిశ్రమకు 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధికి 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం అంటుంది. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు. చేసినవాడికి వచ్చే పాటకు లాగిన్ రాదు, అంతే.

ఇంకో రకం పాట ఉంది. గెలిచేది మీరు, ఆర్డరు పాత సప్లయరుకు. మీ 37.90ని ప్రింటు తీసి ఆయన ముందు పెట్టి, అదే ధరకు ఒప్పిస్తారు. బాధపడకండి, పెట్టెకు 18 పైసలు మిగిలింది మీకే.