ముత్యాల ముడులేసే టూల్ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ నాటింగ్ టూల్ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం, డ్రాయర్‌లో మీరూ క్షేమమేనని తలుస్తాను. వ్రాయునది ఏమనగా, హారంలో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి బిగించడం మీ పని, కానీ మీ రూపం చూసి మోసపోని మనిషి ఉండడండీ. ఓ పిడి, దాని కొసన వంకర మొన, పక్కనే పంగలకర్రలా చిన్న పంగ, బొటనవేలితో పైకి తొయ్యడానికో మీట. మిమ్మల్ని వాడటం నేర్పే వీడియోలో ఆవిడ ఎడమ చేతి వేళ్ళకి దారం చుట్టి, ఆ ఉచ్చులోంచి ముత్యాన్ని జారవిడిచి, మీ మొన ముడిలో దూర్చి ముత్యం దాకా జరిపి, దారం పంగలో ఇరికించి మీట తోసిందంటే ముడి జారి వెళ్ళి ముత్యాన్ని అతుక్కుంటుంది. మన చేతికొచ్చేసరికి మీ దర్జా మొదలు, మొన అర సెకను ముందు బైటికొస్తే ముడి దారి మధ్యలోనే బిగుసుకుని కూర్చుంటుంది, సూదితో విప్పబోతే సిల్కు పీచుపీచవుతుంది. ఇక ఆ సందులో ముత్యం ఊగుతూనే ఉంటుంది.

దారం దగ్గరా మీకు పట్టింపే. అట్టకి చుట్టిన 2 మీటర్ల సిల్కు దారం, సూది దానికే అంటించి వస్తుంది, నెంబరు పెరిగేకొద్దీ లావు. సన్నం తీసుకుంటే ముడి కాస్తా ముత్యం బెజ్జంలోకే దూరిపోతుంది, లావు తీసుకుంటే దారమే ఎక్కదు. ఇంత గోల ఎందుకంటే ముత్యం మెత్తటి సరుకు, పక్కదానితో రాసుకుంటే మెరుపు పోతుంది, పైగా దారం తెగితే సోఫా కిందకి దొర్లేది ఒక్కటే, మిగతావి ముడుల మధ్య ఉండిపోతాయి. కారణం న్యాయమైందే, కాదన్ను.

కానీ మన హైదరాబాద్ ముత్యాల బజారు పత్తర్‌గట్టిలో కొట్టు పక్కన కూర్చుని గుచ్చేవాళ్ళని చూశారా మీరు? సూది, దారం, గోరు, అంతే పెట్టుబడి, మనం బేరం ముగించి చాయ్ తాగేలోపు హారం చేతిలో పెడతారు. మీ సంగతి వాళ్ళకి చెప్పలేదు లెండి, మీ పరువు నా పరువూ ఒకటేగా.

అసలు ఫిర్యాదు ఇది కాదు. చెయ్యి తిరిగాక ముడులన్నీ ఒకే కొలతలో, ఒక్క సందు లేకుండా వచ్చాయి. 18 అంగుళాల హారం, 7 మిల్లీమీటర్లవి 60 దాకా ముత్యాలు. మా అత్తగారు మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకుని "బావుందే, ఏ కొట్లో గుచ్చించావ్?" అన్నారు. నేనేనండీ అంటే నవ్వి, నమ్మేసి, వెంటనే వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేశారు. నమ్మకపోయినా బావుండేది. ఇప్పుడు పిన్నిగారి పగడాలు, ఆడపడుచు తెగిన హారం, ముడే అక్కర్లేని నల్లపూసలు కూడా స్వీట్ డబ్బాల్లో మా ఇంటికే. డబ్బులా, మనలో మనకేంటి అంటారు. పైగా రోజూ వేసుకునే హారాన్ని ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ గుచ్చాలి, చెమటకీ సెంటుకీ సిల్కు పాడవుతుంది కదా, అంటే వీళ్ళంతా మళ్ళీ వస్తారు.

కాబట్టి తమరు దయచేసి పెళ్ళిళ్ళ సీజన్ అయ్యేదాకా మీట విరిగినట్టు పడుండండి, రిపేర్‌కిచ్చానని చెప్పుకుంటా.

ఇట్లు,
జీతం లేని మీ పనిమనిషి