సైలెన్సర్ బేరింగ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సైలెన్సర్ బేరింగ్ గారికి,

విశాఖపట్నం నుంచి ఒక సెకండ్ హ్యాండ్ టూరిస్టు బస్సు ఓనరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు కూడా క్షేమమని తలుస్తాను. ఆ అక్కడ ఎక్కడో తెలియకే ఈ ఉత్తరం. పోయిన బుధవారం భోజనం మానేసి గాజువాక ఆటోనగర్‌లో తమరి అడ్రసు కోసం తిరిగినవాణ్ణి నేనే.

తమరి పేరు నాకు చెప్పింది మా సాటి ఓనర్లు. టీ కొట్టు ముందు నా బండి స్టార్టింగ్‌లో ఉంది. సౌండు కాస్త బొంగురుగా వస్తోంది. నేను స్కూలుకెళ్ళే రోజుల నుంచీ బస్సులు తిప్పుతున్న పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "ఏటి గురూ, సైలెన్సర్ బేరింగ్ అరిగిపోనాది. ఇనబడ్డం లేదేటి?" అన్నాడు. రెండో ఆయన, ఆదివారం అరకు ట్రిప్పుంది కదా, అనంతగిరి ఘాట్‌లో అది పట్టేస్తే బండి కదలదన్నాడు. మూడో ఆయన ఏమీ అనలేదు. చావు కబురు విన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను ఇప్పటికీ క్షమించలేనిది ఆ మూడో ఆయన్నే.

"ఆఁ, నాకూ డౌటొచ్చింది" అన్నాను. ఆ ఒక్క మాట అనకపోతే మధ్యాహ్నం మిగిలేది.

నా తప్పేముంది చెప్పండి. బస్సు కింద దూరితే ఎక్కడ చూసినా బేరింగే. చక్రాల హబ్బుల్లో ఉన్నాయి, ఆల్టర్నేటర్‌లో ఉన్నాయి, క్లచ్ దగ్గర ఒకటుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్యలో వేలాడుతూ సెంటర్ బేరింగ్ ఉంది. దానికి కిందటి నెలే డబ్బు వదిలింది. ఇన్ని చోట్ల కాపురం పెట్టిన వంశం సైలెన్సర్‌లో మాత్రం ఉండదని ఎలా అనుకుంటాను?

మొదటి షాపాయన "పెట్రోలుదా, డీజిల్‌దా?" అని అడిగి, డ్రాయర్లు తెరిచి మరీ వెతికాడు. రెండో ఆయన "లోపలి సైజు చెప్పండి" అన్నాడు. మళ్ళీ బస్సు కిందికి దూరి, టేపుతో గొట్టం కొలుచుకుని వచ్చాను. మూడో ఆయన చైనాది ఉందిగానీ మీలాంటి వాళ్ళకి ఇవ్వలేనన్నాడు. ఆ మర్యాదకు పొంగిపోయి ఎన్‌ఏడీ జంక్షన్ దాకా వెళ్ళాను, ఎండలో, స్కూటీ మీద. అక్కడాయన పాత నోటుబుక్కులో నా ఫోన్ నంబరు రాసుకుని, స్టాక్ రాగానే చేస్తానన్నాడు. థాంక్స్ చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

చివరికి జాలిపడింది ఒక వెల్డింగ్ కుర్రాడు. నిలువునా కోసేసిన పాత సైలెన్సర్ ఒకటి కాలితో ముందుకు తోశాడు. లోపల బెజ్జాల గొట్టాలు, అడ్డంగా రేకులు. శబ్దం ఆ గదుల్లో గోడలకు కొట్టుకుని నీరసపడి బయటికొస్తుంది, అంతే. "ఇందులో తిరిగేది ఏదీ లేదు సార్. బేరింగ్ దేనికి?" అన్నాడు. నా బండి బొంగురుకు కారణం జాయింటు దగ్గర తుప్పు పట్టి పడిన చిల్లు. సముద్రపు గాలికి ఈ ఊళ్ళో ఇనుము ఏదైనా అంతే. రెండు వందలు తీసుకుని అతుకు వేశాడు.

ఇక తమరు గిమరు నా వల్ల కాదు. ఒరే బేరింగూ, నువ్వు లేవు! లేనివాడివి నా చేత అయిదు షాపులు తిప్పించావు. ఉన్న పార్టుల్లో ఒక్కటైనా ఇంత పని చేసిందా?

డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి చెప్పుకుంటే పడీపడీ నవ్వాడు. "బావా, ఇక్కడా అంతే. బస్సంత బండిలో మంచం, వంటగది పెట్టుకు తిరిగే మోటార్‌కోచ్ ఓనర్లు కొత్తవాడు కనబడితే మఫ్లర్ బేరింగ్ మార్చావా అంటారు. బ్లింకర్ ఫ్లూయిడ్ పోశావా అంటారు" అన్నాడు. మఫ్లర్ అంటే సైలెన్సరే, బ్లింకర్ అంటే ఇండికేటరే. బల్బుకి ఆయిలట! వాడు హెచ్‌వన్‌బీ లాటరీలో మూడోసారికి గట్టెక్కాడు. నువ్వు మాత్రం వీసా లేకుండానే అక్కడ సెటిలయ్యావు.

అక్కడితో ఆగినా బాగుండేది. శనివారం డ్రైవరు వచ్చి "సార్, యూరియా లైటొచ్చింది, పొయ్యాలి" అన్నాడు.

ఈసారి నేను దొరకదలుచుకోలేదు. "యూరియా మా నాన్న వరిచేనికి వేస్తాడురా, ఓ బస్తా తెప్పించనా?" అని పకపకా నవ్వాను. డ్రైవరు నవ్వలేదు. టీ కొట్టు దగ్గర ఆ మూడో ఆయన కూడా నవ్వలేదు కదా అని నేను ఇంకా గట్టిగా నవ్వాను.

ఆదివారం ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే బండికి ఊపిరి ఆడలేదు. ఎంత తొక్కినా పికప్ లేదు. లోపల ముప్ఫై మంది, కార్తీక వనభోజనాల పార్టీ, ఒళ్ళో పులిహోర గిన్నెలు. "బాబూ, బొర్రా గుహలకి వచ్చే కార్తీకానికి చేరతామా?" అని ఒక మామ్మగారు అడిగారు. నాది 2021 మోడల్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ సిక్స్ అనే పొగ కాలుష్యం రూలు ప్రకారం తయారైన డీజిల్ బస్సుల్లో చాలావాటికి యూరియా నిజంగానే పొయ్యాలి. నీళ్ళలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం అది. పొగ గొట్టంలోకి చిమ్మితే విషవాయువు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుతుంది. అయిపోతే ఇంజిన్ తనంతట తానే పవర్ తగ్గించేసుకుంటుంది. క్లీనరు ఎవరిదో బైకెక్కి వెనక్కి వెళ్ళి, ఇరవై లీటర్ల బకెట్ తెచ్చేసరికి పులిహోర రోడ్డు పక్కనే అయిపోయింది.

చూశావా నీ నిర్వాకం? ఆ గొట్టంలో బేరింగ్ ఉందంటే నమ్మాను. అదే గొట్టంలోకి యూరియా కొడతారంటే నవ్వాను.

ఇదంతా దిగమింగుకుని ఊరుకునేవాణ్ణే. కానీ ఇవాళ పొద్దున్న ఎన్‌ఏడీ షాపాయన ఫోన్ చేశాడు. స్టాక్ వచ్చిందట. రెండు సైజులున్నాయట, ఏది కావాలో సాయంత్రంలోగా చెప్పమన్నాడు. గొంతులో నవ్వు లేదు.

తమరు దయచేసి వెంటనే జవాబు రాయగలరు. గొట్టం కొలత రాసుకున్న కాగితం ఇంకా నా జేబులోనే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు