సెన్సే ఓడిపోలేదు

ఈ ఉగాది వేడుకలో కూచిపూడికీ అంత్యాక్షరికీ మధ్య జోదో అనే జపాన్ కర్ర యుద్ధవిద్యలో పిల్లల ప్రదర్శనకు నాలుగు నిమిషాలు ఇచ్చారు. యాంకర్ "ఇప్పుడు జపాన్ కర్రసాము!" అన్నారు. వెనకాల హుషారైన సినిమా పాట మోగింది. మూడో కతా ముగిసేసరికి ముందు వరుసలోంచి ఎవరో "అయ్యో, సెన్సే మళ్ళీ ఓడిపోయారు!" అన్నారు. హాలంతా నవ్వింది. టోక్యోలో మన పిల్లలకు ఓపిగ్గా నేర్పుతున్న ఆ పెద్దాయన, వాళ్ళ సెన్సే, అంటే గురువు, ఎప్పటిలాగే వంగి నమస్కరించి వేదిక దిగిపోయారు. ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది.

జోదోలో కతా అంటే ఇద్దరు చేసే కట్టుదిట్టమైన అభ్యాసం. చెక్క కత్తి, అంటే బొకుతో, పట్టేవారు ఉచిదాచి. జో అనే కర్ర పట్టేవారు షిదాచి. కర్ర పొడవు సుమారు 128 సెంటీమీటర్లు, మందం 2.4. సంప్రదాయం ప్రకారం కత్తి పెద్దవారి చేతిలో ఉంటుంది, కతా చివర్లో లొంగేదీ కత్తే. ఆ లొంగడంలోనే పాఠమంతా ఉంది.

'సుయిగెత్సు' అనే కతానే చూడండి. కత్తి నేరుగా నడినెత్తి మీదికి దిగుతుంది. కర్ర పట్టిన పిల్లాడు ఆ దారిలోంచి పక్కకు అడుగేసి, కర్ర కొనను ఎదుటివారి రొమ్ము కింది గుంట దగ్గర ఆపాలి. భయంతో ముందే కదిలితే కత్తి దారి మార్చుకుని వెంటపడుతుంది. ఆలస్యమైతే దెబ్బ నెత్తిన పడుతుంది. కత్తి ఇక వెనక్కి తిరగలేని క్షణం దాకా ఆగడమే విద్య. అది రావాలంటే ఉచిదాచి నిజంగా తల మీదికే, సరైన దూరం నుంచి కొట్టాలి. జాలిపడి పక్కకు కొడితే పిల్లాడికి ఏమీ రాదు. ఎదురుగా ఉన్నవాడి శ్వాస చూసి, వాడు అందుకోగలిగినంత వేగమే ఇచ్చి, రోజురోజుకూ కాస్త పెంచుతూ పోవాలి. ఆ పని ఏళ్ళ తరబడి సాధన చేసినవారికే చేతనవుతుంది.

ఇలాంటి చోట పాట పెడితే ఏమవుతుంది? పిల్లలు కత్తిని వదిలేసి తాళాన్ని పట్టుకుంటారు. ఆరోజు అదే జరిగింది. చిన్నవాడు దరువుకు అడుగేశాడు, కత్తి ఇంకా పైనే ఉంది. సెన్సే తన వేటును మధ్యలోనే సర్దుకుని వాడి మణికట్టును కాపాడారు. చూసినవాళ్ళకు అది తడబాటులా కనిపించింది.

కర్రసాము అన్న మాట ప్రేమతోనే వచ్చి ఉంటుంది. కానీ మన సాములో కర్ర ఒంటి చుట్టూ సుడి తిరుగుతుంది, జనం దానికోసమే చూస్తారు. జో అలా తిరగదు. చేతులు మారుతూ రెండు కొనలతోనూ పొడుస్తుంది, కొడుతుంది, కత్తిని కిందికి ఊడ్చేస్తుంది. 'హికిఓతోషి' దెబ్బలో కర్ర కత్తి పక్కతలం మీదుగా జారాలి. ఒట్టి భుజబలంతో బాదితే చప్పుడు పెద్దది, కత్తి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ విద్య పుట్టుకే ఒక ఓటమి నుంచి అని వారి సంప్రదాయం చెబుతుంది. పదిహేడో శతాబ్దం మొదట్లో ముసో గొన్నొసుకే అనే యోధుడు, పేరుమోసిన కత్తివీరుడు మియమోతో ముసాషి చేతిలో ఓడి, ఫుకుఓకా దగ్గరి హోమన్ కొండ మీద తపస్సులా సాధన చేసి ఈ కర్ర పద్ధతిని కనిపెట్టాడట. దాన్ని ఇరవయ్యో శతాబ్దంలో టోక్యో పోలీసులకు నేర్పినవారు షిమిజు తకాజి. పిల్లలు నేర్చే పన్నెండు కతాలు 1968లో అఖిల జపాన్ కెందో సమాఖ్య ఖాయం చేసినవి.

కమిటీవాళ్ళ ఇబ్బందీ తెలుసు. హాలు అద్దె గంటల లెక్కన, ప్రతి తల్లీ తన బిడ్డను వేదిక మీద చూసుకోవాలనుకుంటుంది. అయినా సరళీ వరసలు మూడు కాలాల్లో పాడించి, కీర్తన కోసం ఏళ్ళు ఆగే ఓపిక మనవాళ్ళకు ఉంది. అందులో కొంత ఈ పిల్లలకూ ఇవ్వండి. నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది నిండని పిల్లలను జంట కతాకు ఎక్కించవద్దు, ఒంటరి సాధన చూపించినా చాలు. పాట వద్దు. ఏడు నిమిషాలు, మూడే కతాలు. మొదటి వరుసకూ పిల్లలకూ మధ్య నాలుగు మీటర్ల ఖాళీ, నేల మీద మైకు వైర్లు లేకుండా. ఎక్కే ముందు ప్రతి కర్రనూ పొడి గుడ్డతో నిలువునా తుడవాలి. నూలు చిక్కుకున్నచోట పెచ్చు లేచిందని అర్థం, ఆ కర్ర పక్కన పెట్టేయాలి. కత్తి ఎవరు పడతారో, ఎందుకు లొంగుతారో యాంకర్ రెండు మాటల్లో చెప్పాలి.

వచ్చే ఉగాదికి సెన్సేని మళ్ళీ పిలుద్దాం. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. కమిటీ నుంచి ఇద్దరు పెద్దలు తరగతికి వెళ్ళి, ఒక మూల కూర్చుని సాధన అంతా చూసి, ఆ తర్వాత ఆయన్ను అడగాలి.