మంచినీళ్ళ క్యాను వెనుకనున్న బోర్డు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అంతర్గత ఫిర్యాదుల కమిటీ బోర్డు గారికి,

మా ఆఫీసు రెండో అంతస్తులో, మంచినీళ్ళ క్యాను వెనుక, ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ పేరు మోస్తూ, మూడు మేకుల మీద (నాలుగోది ఊడిపోయింది) వేలాడుతున్న మీకు అకౌంట్స్ విభాగపు ఉద్యోగిని నమస్కరించి వ్రాయునది. మీ మీద అధ్యక్షురాలిగా పేరున్న మేడమ్ రెండేళ్ళ క్రితమే రిటైరై మనవణ్ణి ఆడించుకుంటున్నారు. ఆమె ఫోను నంబరులో చివరి రెండు అంకెలు, క్యాను మార్చినప్పుడల్లా చిందే నీళ్ళకు చెరిగిపోయాయి. అయినా మిమ్మల్ని పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. మొన్న దసరాకు ఆయుధపూజ చేసి ప్రింటరుతో పాటు మీకూ బొట్టు పెట్టారు, అది సరిగ్గా 'ఫిర్యాదు' అన్న మాట మీద పడింది. మీరూ ఒక ఆయుధమేనని యాజమాన్యానికి గుర్తొచ్చింది ఆ ఒక్కరోజే.

రాజస్థాన్‌లో బాల్యవివాహాలను ఆపే ప్రభుత్వ పథకంలో పనిచేస్తున్న భన్వరీదేవి మీద, ఆ పని చేసినందుకే, 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ నేపథ్యంలో విశాఖ అనే మహిళా సంస్థ పేరున నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1997లో, పనిచేసే చోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలిస్తే, చట్టం 2013కు గాని రాలేదు. (విశాఖ అంటే మన విశాఖపట్నమేనని మా హెచ్‌ఆర్ మేనేజరు అవగాహన సదస్సులో సెలవిచ్చారు. ఆ సదస్సులో సమోసాలు మాత్రం బాగున్నాయి.) సివిల్ కోర్టులాగా సాక్షులను పిలిపించగల కమిటీ మీది. పదిమంది పనిచేసే చోట అది లేకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది కనుక, మేకులు కొట్టి మిమ్మల్ని తగిలించారు.

కొత్తగా చేరిన అమ్మాయి సెలవు చీటీ తీసుకెళ్తే, మా సెక్షన్ అధికారి పెన్ను మూత తీసి, సంతకం చేయకుండా, "పెళ్ళిచూపులకా? ముందు మమ్మల్ని చూడనివ్వవా?" అంటూ చీటీతో పాటు ఆమె వేళ్ళనూ పట్టుకున్నారు. నడిబజారులో పరాయి ఆడపిల్లతో ఆ మాట అనే సాహసం ఆయనకు లేదు. ఇక్కడ ఆమె సెలవూ, ఇంక్రిమెంటూ, ప్రొబేషనూ ఆ పెన్ను కొసన ఉన్నాయి. మావాళ్ళు మాత్రం కారణాన్ని ఆమె చీర అంచులో వెతికారు. "ఆయన సరదా మనిషి, మనసులో ఏమీ ఉండదు" అని ఒకరు, "పెళ్ళి కావలసిన పిల్లవు, అల్లరిపాలవుతావు" అని, నిజంగా ప్రేమతోనే, మరొకరు.

మీ మీద ఇన్ని వాక్యాలుండగా మగవారందరికీ కంఠతా వచ్చినది ఒక్కటే: తప్పుడు ఫిర్యాదు చేస్తే చర్య. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు తప్పుడుదైపోదని అదే సెక్షనులో ఉన్న మాటను మీరు వ్రాయించుకోలేదు. చోటు చాలలేదేమో. ఫిర్యాదు చేయడానికున్న మూడు నెలల గడువును మాత్రం ఎర్రసిరాతో వేయించుకున్నారు.

నిన్న ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుని మీ ముందు నిలబడి, రెండో చేత్తో నంబరు నొక్కింది. ఎనిమిది అంకెలయ్యాక ఆగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. కావున మీ వీలును బట్టి ఆ మిగిలిన రెండు అంకెలు తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ ఎదుటి కుర్చీలో కూర్చునే ఉద్యోగిని